పిడికెడు బియ్యము
(ధనుర్మాస ప్రవచనము)



ధనుర్మాసము వచ్చినది. తెలతెలవారుచుండగానే వీథులలో హరిదాసు చిడతల సవ్వడి వినబడుచున్నది. నెత్తిన అక్షయపాత్ర, మెడలో పూలదండ, నోట హరినామము. వాకిట ముగ్గు వేయుచున్న తల్లి లోనికి పోయి, తన చిన్నబిడ్డ గుప్పిట పిడికెడు బియ్యము పోసి, ఆ బిడ్డను వెంటబెట్టుకొని వచ్చును. హరిదాసు మోకాలు వంచి కూర్చుండును. బిడ్డ గుప్పిట విప్పును. బియ్యము పాత్రలో పడును. మన పిల్లలలో పెక్కుమంది తమ చేతితో చేసిన మొట్టమొదటి దానము ఇదియే. దానికి రసీదు లేదు, శిలాఫలకము లేదు. నేటి మన ప్రసంగము ఆ పిడికెడు బియ్యమును గురించియే.

నిన్నటి ప్రవచనము ముగిసిన పిమ్మట, రేపల్లె ప్రాంతమునుండి వచ్చిన ఒక పెద్దాయన మా వద్ద కూర్చుండిరి. డెబ్బది ఏండ్లు దాటిన రైతు. చాలసేపు మాటలాడక, చివరకు ఇట్లనిరి: "మాస్టారూ, మా అబ్బాయి నన్ను పిసినారి అంటున్నాడండీ. గదిలో ఎవరూ లేకపోతే ఫ్యాను ఆపుతాను. పంచె చినిగితే కుట్టించుకుని కడతాను. కంచంలో మెతుకు వదలను, వదలనివ్వను. మొన్న దసరాకి హైదరాబాదు నుంచి వచ్చినవాడు, 'గుళ్ళో భక్తి, ఇంట్లో పిసినారితనమా నాన్నా?' అన్నాడు. నాది భక్తో, పిసినారితనమో మీరే చెప్పండి."

మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. "రేపు చెప్పెదము" అని పంపివేసితిమి. ఎందుచేత చెప్పలేకపోతిమో ప్రసంగము చివర మనవి చేసికొందుము.

లాకు నేర్పిన పాఠము

లోభికిని, మితవ్యయికిని పైకి కనబడు నడవడి ఒక్కటియే. ఇద్దరును అక్కరలేని దీపము ఆర్పుదురు. ఇద్దరును చినిగిన వస్త్రము కుట్టించుకొందురు. ఇద్దరును బజారులో ఒకటికి రెండుసార్లు ఆలోచించి కొందురు. మరి భేదమెక్కడ? మిగిలినది ఎక్కడికి పోవుచున్నదను చోట.

దుగ్గిరాల లాకులను చూడనివారు మన ప్రాంతమున అరుదు. లాకు చేయు పని యేమి? నీటిని ఆపుట. ఎందులకు ఆపవలెను? మట్టము పెంచి, పిల్లకాలువలకు మళ్ళించి, చిట్టచివర రేపల్లె, నిజాంపట్నము వైపునగల శివారు భూములదాక నీరు అందించుటకు. లాకు ఎన్నడును మూయబడనిచో ఎగువవాని పొలము మునుగును, శివారువాని పొలము ఎండును. అది దుబారా. లాకు ఎన్నడును తెరవబడనిచో నీరు నిలిచి నాచు పట్టును. అది లోభము. వేళకు మూసి, వేళకు తెరచుటయే ధర్మము. మన సంపాదన కాలువ వంటిది. మన నిగ్రహము లాకు వంటిది. శివారు పొలము మన పొరుగువాడు.

మన శాస్త్రములు చెప్పినదియు ఇంతియే. ఈశావాస్యోపనిషత్తు ఆరంభముననే, ఈ జగత్తంతయు ఈశ్వరునిచే నిండియున్నది గనుక త్యాగపూర్వకముగా అనుభవింపుమని, పరుల ధనమునకు ఆశపడవద్దని బోధించినది. భాగవతము సప్తమస్కంధమున నారదమహర్షి ధర్మరాజుతో, కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతయే మనిషికి హక్కని, అంతకు మించి నాదనువాడు దొంగయని నిర్మొగమాటముగా చెప్పెను. గీతలో మూడవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ, యజ్ఞశేషమును భుజించువారు పాపవిముక్తులగుదురనియు, తమకొరకే వండుకొనువారు పాపమునే తినుచున్నారనియు హెచ్చరించెను. అట్లని ఒడలు మాడ్చుకొమ్మని ఆయన చెప్పలేదు. అతిగా తినువానికి యోగము లేదు, బొత్తిగా తిననివానికిని లేదని ఆరవ అధ్యాయమున ఆయనయే సెలవిచ్చెను.

గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములను చూడుడు. దేవతలకు, ఋషులకు, పితరులకు, అతిథులకు, పశుపక్ష్యాది భూతములకు ప్రతిదినమును భాగము తీయవలెను. ఇందులో ఒక్కటియు పండుగనాటి పని కాదు, అన్నియు నిత్యకృత్యములే. భక్తికి వేదిక గుడి ఒక్కటియే అయినచో ఈ విధులు వంటింటిలో ఎందులకు పుట్టవలెను?

ఈ నేల ఆకలి నెరిగిన నేల

తెనాలినుండి రేపల్లెకు రైలులో పోవునపుడు వేమూరు, భట్టిప్రోలు మీదుగా ఇరువైపుల వరిచేలు కనుచూపు మేర కనబడును. కళలకును, అభిరుచులకును నిలయమైన తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని మనము ముద్దుగా పిలుచుకొనుచున్నాము. బాపట్ల భావనారాయణస్వామి సన్నిధినుండి సముద్రతీరము వరకు ఈ సీమ యంతయు అన్నపూర్ణ వలె కనబడును. 2022 ఏప్రిల్‌లో జిల్లాల సరిహద్దులు మారి, బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలోనికి, తెనాలి మరొక జిల్లాలోనికి పోయినను, మనకందరకును తిండి పెట్టునది ఆ కృష్ణమ్మ నీరే.

అయితే ఈ సమృద్ధి అనాదిగా వచ్చినది కాదు. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను ఘోరమైన కరువు కబళించినది. డొక్కల కరువు అని మన పెద్దలు దానికి పేరు పెట్టిరి. లక్షకు పైగా ప్రాణములు పోయినవి. అప్పటికి బెజవాడ వద్ద ఆనకట్ట లేదు. నదికి నీరు వచ్చినను పొలమునకు ఎక్కించు దారి లేక అది సముద్రము పాలగుచుండెను. 1852లో ఆరంభమై 1855లో ఆనకట్ట పూర్తియైన తరువాతనే కాలువలు పారి, ఈ చేలు పచ్చబడినవి. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. అనగా మన కంచములోని తెల్లని అన్నమునకు వయస్సు రెండువందల ఏండ్లు కూడ లేదు.

మన అమ్మమ్మల నాయనమ్మల నడవడిని ఈ వెలుగులో చూడవలెను. బియ్యము కడిగిన నీరు కుడితిలో కలిసి గేదెకు పోయెడిది. గంజి ఇంటిలోనివారు త్రాగెడివారు. చెరిగిన నూకలు కోళ్ళకు, తవుడు పశువునకు. కొత్తపంట రాగానే వరికంకులను కుచ్చులుగా అల్లి, పిచ్చుకల కొరకు చూరునకు, గుడిమండపములకు వ్రేలాడదీసెడివారు. నేలపై పడిన నాలుగు గింజలను ఏరి కన్నుల కద్దుకొనెడివారు. వారిని చూచి "పాతకాలపు చాదస్తము" అని మనము నవ్వితిమి. అది చాదస్తము కాదు. తాము చూడని కరువును సైతము మరువని చేతులవి.

జిల్లెళ్ళమూడి పొయ్యి

బాపట్లకు చేరువలోని జిల్లెళ్ళమూడిని గురించి మీకు తెలియనిది కాదు. 1923 మార్చి 28న మన్నవలో జన్మించిన అనసూయాదేవి, 1936లో వివాహమై, జిల్లెళ్ళమూడి కరణముగారి ఇల్లాలుగా ఆ కుగ్రామమునకు వచ్చిరి. లోకమంతయు ఆమెను "అమ్మ" అనియే పిలిచినది. ఆమె దివ్యత్వమును గురించి చెప్పు యోగ్యత మాకు లేదు. ఆ భాగము ఆమెను సేవించిన భక్తులు చెప్పుకొందురు. మేము చెప్పబోవునది ఒక గృహిణిగా ఆమె మొదలుపెట్టిన చిన్న పనిని గురించి.

ఆమె ఊరిలోని ఇల్లాండ్రకు ఒక మాట చెప్పిరి. ఎసట్లో పోయుటకు బియ్యము కొలుచుకొన్న పిమ్మట, అందులోనుండి పిడికెడు తీసి వేరొక పాత్రలో వేయవలెను. అట్లు చేరిన బియ్యము ఆపదలో నున్నవారికి ఆదుకోలు కావలెను. ఇందులోని సూక్ష్మమును గమనింపుడు. మిగిలిన అన్నము పెట్టుమని ఆమె చెప్పలేదు. వండకముందే, ఆకలి వేయుచుండగనే, మన కొలతలోనుండియే తీయుమనిరి. మిగిలినది పెట్టుట దయ. ముందే తీసియుంచుట యజ్ఞము.

ఆ పిడికెడు పెరిగి పెరిగి 1958 ఆగష్టు 15న అన్నపూర్ణాలయమైనది. వచ్చినవాని కులమేది, మతమేది, ఊరేది అను ప్రశ్న లేదు. ముందు భోజనము చేసి రమ్మనుటయే అక్కడి స్వాగతము. 1973లో జరిగిన ఆమె స్వర్ణోత్సవమునకు లక్షమంది ఆ ప్రాంగణమున భుజించిరి. అంతమందికి పెట్టిన ఆ తల్లి తాను తినినది మాత్రము బహుస్వల్పమని దగ్గరనుండి చూచినవారు చెప్పుదురు. 1985 జూన్‌లో ఆమె దేహము చాలించినను అక్కడి అన్నదానము ఆగలేదు. ఆ పొయ్యికి మొదటి కట్టెపుల్ల పెట్టినది చందాల పుస్తకము కాదు, ఇల్లాండ్ర పిడికిలి.

ఇట్టి నియమమునకు మరొక రూపమును చెరుకుపల్లి సమీపమున కావూరులో చూడవచ్చును. గొల్లపూడి సీతారామశాస్త్రిగారు అక్కడ వినయాశ్రమమును నెలకొల్పిరి. తరువాత స్వామి సీతారామ్‌గా ప్రసిద్ధులై, ఆంధ్రరాష్ట్రము కొరకు 1951లో 35 దినములు నిరాహారదీక్ష చేసినవారు వీరే. 1901లో ఆ కావూరునందే జన్మించిన తుమ్మల సీతారామమూర్తి చౌదరిగారు బడిపంతులుగా జీవించుచు గాంధీజీ జీవితమును తెలుగు పద్యములలో పెట్టిరి. వారి 'మహాత్మకథ'కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. గాంధీజీ మార్గమున రాట్నము ఒక నిత్యానుష్ఠానము. తన చేతితో నూలు వడికినవాడు జానెడు గుడ్డను వ్యర్థము చేయలేడు. వస్తువు వెనుకనున్న శ్రమ తెలిసినచో పొదుపు దానంతట అదియే వచ్చును.

మా ఇంటి మాట

ఇక మా ఇంటి మాట. చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పక తప్పదు.

రేపల్లెకు సమీపమున ఒక పల్లె మాది. మా తల్లిగారు పూటకు పిడికెడు బియ్యము తీసి ఒక కుండలో వేయుచుండిరి. ఆ కుండ ఎప్పుడు నిండునో, ఎవరికి పోవునో మేమెన్నడును అడుగలేదు. మాకు బాపట్లలో ఉపాధ్యాయుని ఉద్యోగము వచ్చినది. మొదటి జీతపు గర్వము తలకెక్కినది. ఒకనాడు అమ్మతో, "ఇంకా ఈ పిసినారి పిడికెళ్ళు ఏమిటమ్మా? నా జీతం చాలదా? ఏడాదికొకసారి గుడికి నూటపదహార్లు రాయిద్దాం, రసీదు ఇస్తారు" అంటిమి. ఆమె ఒక్కమాటయు అనలేదు. కుండను బోర్లించి అటకమీద పెట్టిరి.

1977 నవంబరు 19. శనివారము. సెలవుకు ఇంటికి వచ్చియుంటిమి. ఆ దినమున విరుచుకుపడిన తుపాను, ఉప్పెన సంగతి మీలో పెద్దలందరకును తెలియును. దివిసీమలో వేలకొలది జనము కొట్టుకొనిపోయిరి. మన తీరమునను ఊళ్ళు దెబ్బతిన్నవి. ఆ రాత్రి మా పొరుగున కూలి చేసికొని బ్రతుకు ఒక వితంతువు, గుడిసె కప్పు లేచిపోగా, మా ఇంటికి పరుగెత్తుకొని వచ్చినది. ఒక చంకన బిడ్డ, రెండవ చంకన మూత కట్టిన కుండ.

తెల్లవారినది. తీరమువైపునుండి జనము తడిబట్టలతో, చలికి వణకుచు రాసాగిరి. గాదెలో ధాన్యము తడిసిపోయినది. కరెంటు లేదు, మిల్లు ఆడదు, దుకాణము తెరవలేదు. ఇంటిలో దంచిన బియ్యము మా పూటకే చాలీచాలదు. మా జేబులో జీతపు నోట్లున్నవి. ఆ నోట్లు ఉడుకవు గదా! మా కన్నులు అటకమీద బోర్లించిన కుండవైపు పోయినవి. అది మా మాట వలననే ఖాళీగా నున్నది.

అంతలో ఆ వితంతువు తన కుండను తెచ్చి అమ్మ ముందర పెట్టి, "పిడికెడు తీసిపెట్టటం మీరే నేర్పారు గదా అమ్మగారూ. ఇది నాది కాదు, పొయ్యి మీద పెట్టండి" అన్నది.

ఆ బియ్యము గంజిగా కాచి, వచ్చినవారికి లోటాలతో పోసితిమి. ఎందరు త్రాగిరో లెక్కింపలేదు. గుడిసె లేనిది దాత. పెంకుటిల్లు గల మేము వడ్డించువారము. ఆ సాయంకాలమే అమ్మ అటకమీది కుండను దింపి, కడిగి, యథాస్థానమున పెట్టిరి. నాడును ఆమె మమ్ము ఒక్కమాట అనలేదు. ఆమె పోయి చాల ఏండ్లయినది. ఆ కుండ మాత్రము మా ఇంట మరల బోర్లింపబడలేదు.

నిత్యజీవితమున చేయదగినది

ఒక చిన్న లెక్క చెప్పుకొందము. పిడికెడు బియ్యము సుమారు 50 గ్రాములు. రెండు పూటలకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. రెండువందల గడపలున్న ఊరు ఈ నియమము పట్టినచో నెలకు 600 కిలోలు. మనిషికి పూటకు 150 గ్రాముల చొప్పున అది నాలుగువేల భోజనములు. ఏ ఇంటను ఎవరును పస్తుండనక్కరలేదు.

అయితే పొదుపులో ఒక ప్రమాదము కలదు. అది మన మీద మొదలుపెట్టవలసినది. ఇతరుల మీద మొదలుపెట్టినచో అధర్మమగును. పనిమనిషి జీతములో కోత కోసి, కోడలి కంచములో నెయ్యి తగ్గించి, ఆకుకూరల అవ్వతో రూపాయి కొరకు పావుగంట బేరమాడి, ఆ మిగిలిన సొమ్మును హుండీలో వేసినచో స్వామి దానిని ఏ లెక్కలో వ్రాసికొనును? ఆ రూపాయి మనది కాదు, ఆ అవ్వది. పరుల నోటినుండి తీసినది దానము కానేరదు.

రెండవది, ఆడంబరము. అప్పు తెచ్చి పెండ్లిలో ఇరువది రకములు వడ్డించుట, సగము విస్తళ్ళతోనే పారవేయుట గౌరవమని భ్రమపడుచున్నాము. పెండ్లి మూడునాళ్ళు, అప్పు మూడేండ్లు. కుచేలుడు తెచ్చిన అటుకులు ఎన్నియో శ్రీకృష్ణుడు అడుగలేదు. భగవంతుడు విస్తరిలోని రకములను లెక్కపెట్టునను మాట ఏ పురాణమునను మేము చదువలేదు.

మూడవది మన గుడిలోనే కలదు. నేటి ఉదయము మండపము వెనుక దొన్నెలలో సగము తిని వదలిన చక్కెరపొంగలి కనబడినది. దోసిలి పట్టి కన్నుల కద్దుకొని తీసికొన్న ప్రసాదమది! వడ్డించు మాదియు తప్పే. రేపటినుండి కొద్దిగా పెట్టెదము. కావలసినవారు మరల అడుగవచ్చును. అడుగుటకు సిగ్గుపడవద్దు, వదలుటకు సిగ్గుపడుదము.

పెద్దాయనకు సమాధానము

నేటి ప్రసంగమునకు ముందు ఆ పెద్దాయన మరల వచ్చిరి. మేము ఒక్క ప్రశ్నయే అడిగితిమి: "మిగిలినది ఏమి చేస్తున్నారు?" ఆయన తల వంచుకొని, మెల్లగా చెప్పిరి: "మా పాలేరు కూతురు నర్సు చదువుతోందండీ. మూడేళ్ళ నుంచి ఆ ఫీజు నేనే కడుతున్నాను. ఇంట్లో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పుకుంటే పుణ్యం పోతుందంటారు గదా."

అయ్యా, మీరిక్కడనే కూర్చుండియున్నారు. పేరు చెప్పక, మీ అనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాము. మీది పిసినారితనము కాదు. మీ లాకు సక్రమముగా తెరచుకొనుచున్నది. అయితే మీ అబ్బాయికి లాకు మూయు చప్పుడు మాత్రమే వినబడినది. నీరు ఏ పొలమునకు పోయినదో అతడు చూడలేదు. నలుగురిలో చాటుకొన్నచో పుణ్యము క్షీణించునేమో గాని, కన్నకొడుకునకు దారి చూపినచో క్షీణింపదు. సంక్రాంతికి వచ్చినపుడు అతనిని వెంటబెట్టుకొని ఆ పిల్ల ఫీజు కట్టి రండు. పొలము వ్రాసి యిచ్చినట్లే ఈ నియమమును కూడ వ్రాసి యిండు.

నిన్న మేము సమాధానము చెప్పలేకపోయినది ఇందుచేతనే. మీ అబ్బాయి మీతో అన్న మాటయే మేము మా తల్లితో అంటిమి. ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు. కుండ ఖాళీ అయిన తరువాత గాని తెలిసికొనలేకపోతిమి. మీ ఇంట అంతదాక రానక్కరలేదు.

భగవద్బంధువులారా! రేపు తెల్లవారుజామున హరిదాసు మీ వీథికి వచ్చును. బిడ్డ గుప్పిట బియ్యము పోసి పంపునపుడు, ఎందులకు పంపుచున్నారో ఒక్కమాట చెప్పుడు. ఆ బిడ్డ తిరిగి వచ్చిన పిమ్మట, మీ ఎసటి కొలతలోనుండి మరొక పిడికెడు తీసి ఒక పాత్రలో వేయుడు. ధనుర్మాసము ముగిసినను, హరిదాసు మరల ఏడాదికి గాని రాకున్నను, ఆ పాత్రను మాత్రము బోర్లింపవద్దు.

శుభం భూయాత్. స్వస్తి.